ముసలి పిల్లి నడక తేడా కొడితే… 'వయసైపోయింది' అనుకునే ముందు

క్లుప్తంగా: పెద్ద వయసు పిల్లుల్లో నడక మారితే ఎక్కువసార్లు కారణం కీళ్ల అరుగుదలే, కానీ అదొక్కటే కాదు. కిడ్నీ, షుగర్, గుండె, వెన్ను, పెట్టే తిండి, ఆఖరికి పెరిగిపోయిన ఒక గోరు కూడా పైకి అలాగే కనిపిస్తాయి. మార్పు ఎంత వేగంగా వచ్చింది, నడకలో సరిగ్గా ఏం మారింది అనే రెండు విషయాలు చూస్తే సగం అనుమానాలు తేలిపోతాయి. ఒక్కసారిగా వెనక కాళ్లు పడిపోయి చల్లబడితే వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి. మనుషుల నొప్పి మాత్ర మాత్రం ఎప్పుడూ వేయకూడదు.

ఒకప్పుడు మన ఊళ్లల్లో పిల్లి అంటే ఎలకల కోసం ఉండేది, సగం ఇంట్లో సగం గోడల మీద బతికేది, ముసలిదయ్యేదాకా ఒకే ఇంటివాళ్ల కళ్ల ముందు ఉండటం తక్కువ. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ ఫ్లాట్లలో వ్యాక్సిన్లు వేయించుకుని, ప్యాకెట్ ఫుడ్ తింటూ, గడప దాటకుండా 12, 14, 16 ఏళ్ల దాకా వస్తున్న పిల్లులు ఉన్నాయి. దాంతో చాలా ఇళ్లల్లో ఇదో కొత్త సమస్య అయింది. మొన్నటిదాకా ఒక్క గెంతులో బీరువా ఎక్కిన పిల్లి ఇప్పుడు మంచం పక్కన ఆగి, పైకి చూసి, ఒకసారి వెనక్కి తగ్గి, మళ్లీ చూసి, చివరికి ముందు కాళ్లతో దుప్పటి పట్టుకుని పాక్కుంటూ ఎక్కుతుంది. దెబ్బ తగల్లేదు, వాపు లేదు, తిండి తింటూనే ఉంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే టేబుల్ మీద బిగుసుకుపోయి కూర్చుంటుంది, నడిపించి చూద్దామంటే అడుగు వేయదు. "వయసైపోయింది కదండీ" అనే మాటతో అందరూ ఇంటికొచ్చేస్తారు.

ఆ మాట తప్పేం కాదు గానీ అది జవాబు కూడా కాదు. 2021లో అమెరికా వెటర్నరీ సంఘాలు ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం 10 ఏళ్లు దాటిన పిల్లి సీనియర్ కింద లెక్క, అక్కడి నుంచి జబ్బులొచ్చే అవకాశం పెరుగుతుంది, అంతే. వయసు అనేది రోగం పేరు కాదు. ఈ తేడా ఎందుకు ముఖ్యం అంటే, కింద చెప్పుకోబోయే కారణాల్లో చాలావాటికి మందు ఉంది, కొన్నైతే పూర్తిగా తగ్గిపోతాయి కూడా.

కుంటదు, మానేస్తుంది

ముందు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, అంటే కీళ్ల అరుగుదల. ఇది పిల్లుల్లో ఎంత మామూలో చాలాకాలం డాక్టర్లకే తెలియదు. 2002లో వచ్చిన ఒక అమెరికా స్టడీలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 శాతంలో కీళ్ల అరుగుదల కనిపించింది. 2010లో ఇంకో స్టడీ 6 నెలల నుంచి 20 ఏళ్ల దాకా అన్ని వయసుల పిల్లుల్నీ తీసుకుంది, అందులోనూ పదింట తొమ్మిదికి పైగా ఎక్కడో ఒకచోట తేడా ఉంది. తుంటి, మోకాలు, మడమ, మోచెయ్యి, ఎక్కువగా ఇవే.

మరి ఇన్నిటికి ఉంటే కుంటుతూ కనిపించాలి కదా? కుక్క కుంటుతుంది, ఎందుకంటే దానికి చాలాసార్లు ఒక కాలు ఎక్కువ దెబ్బతింటుంది, ఆ కాలి మీద బరువు తగ్గించి రెండో కాలి మీద వేస్తుంది. పిల్లిలో సాధారణంగా రెండు పక్కలా ఒకేలా అరుగుతాయి, బరువు మార్చుకోవడానికి బాగున్న కాలే ఉండదు. పైగా వేటాడే జంతువే అయినా పెద్ద జంతువులకు ఇదే ఆహారం, నొప్పి బయటపెడితే ప్రాణం పోతుంది, కాబట్టి దాచుకోవడం దాని స్వభావం. నొప్పి పెట్టే పనిని చెయ్యడం మానేస్తుంది, మనకేమో "ఈ మధ్య బద్ధకంగా ఉంటోంది" అనిపిస్తుంది.

అందుకే వెటర్నరీ పరిశోధకులు ఇంట్లోవాళ్ల కోసం ఆరు ప్రశ్నలతో ఒక చెక్‌లిస్ట్ తయారు చేశారు: మామూలుగా పరిగెడుతోందా, పైకి గెంతుతోందా, కిందికి గెంతుతోందా, మెట్లు ఎక్కుతోందా, దిగుతోందా, కదిలే వస్తువు వెంట పడుతోందా. ఎక్కడం, దిగడం విడివిడిగా అడగడంలో కారణం ఉంది. ఎక్కేటప్పుడు తోసేది వెనక కాళ్లు, దిగేటప్పుడు బరువంతా పడేది ముందు కాళ్ల మీద. మంచం ఎక్కుతుంది గానీ దిగేటప్పుడు ఆలోచిస్తుంది అంటే మోచేతుల వైపు చూడాలి.

నడకతో సంబంధం లేనట్టు కనిపించే ఆనవాళ్లు ఇంకొన్ని ఉంటాయి. నడుం మీద, తోక మొదట్లో బొచ్చు ఉండలు కట్టడం (వెనక్కి తిరిగి నాక్కోలేకపోతుంది), లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకి ఇసుకలాంటిది పోసి పెట్టే టబ్) పక్కనే పోయడం (లోపలికి కాలెత్తి దాటడం కష్టం), ఎత్తుకోబోతే గుర్రుమనడం. ఆ రెండోదానికి చాలా ఇళ్లల్లో పిల్లి తిట్లు తింటుంది పాపం. మన ఇళ్లల్లో గ్రానైటూ, మార్బులూ, టైల్సూ కూడా ఓ చెయ్యి వేస్తాయి, కండ తగ్గిన వెనక కాళ్లు నున్నటి నేల మీద పక్కలకి జారిపోతుంటాయి, అదే పిల్లి గోనెసంచి మీద నడిస్తే సగం బాగున్నట్టు కనిపిస్తుంది.

మడమ నేలకి ఆనితే

ఇక్కడి నుంచి కీళ్ల పేరు చెప్పి వదిలేయకూడనివి. పిల్లి మామూలుగా వేళ్ల మీద నడుస్తుంది, వెనక కాలి మడమ ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. ఆ మడమ కిందికి దిగి, కుందేలు కూర్చున్నట్టు పాదం మొత్తం నేలకి ఆనించి నడుస్తుంటే మొదట తోచాల్సింది షుగర్. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే కాళ్లకి వెళ్లే పొడవాటి నరాలు దెబ్బతిని కండరాలకి సరిగా ఆదేశం అందదు. నొప్పి కన్నా నీరసం ఎక్కువగా కనిపిస్తుంది. దానికి తోడు నీళ్ల గిన్నె మాటిమాటికీ ఖాళీ అవడం, లిట్టర్‌లో ఉండలు పెద్దవవడం, తింటూనే చిక్కిపోవడం ఉంటాయి. ఇన్సులిన్, కార్బోహైడ్రేట్ తక్కువున్న తిండితో కంట్రోల్‌లోకి వస్తే వారాల నుంచి నెలల్లో చాలా పిల్లుల నడక మెరుగవుతుంది, కొన్నిటికి ఇన్సులిన్ అవసరం కూడా లేకుండా పోతుంది. షుగర్ అంటే జీవితాంతం అని స్థిరపడిపోయిన మనకి ఇది కాస్త వింతే. మడమ వెనక ఉండే పెద్ద స్నాయువు తెగినా పాదం ఇలాగే వాలుతుంది, కానీ అప్పుడు ఎక్కువసార్లు ఒక్క కాలే.

తల కిందికి వాలిపోయి, గడ్డం ఛాతీకి తగిలేంత వంగి, కళ్లు మాత్రం పైకెత్తి చూస్తుంటే అది వేరే కథ. ఆవుకీ కుక్కకీ మెడ పైభాగంలో తలని మోసే ఒక గట్టి లిగమెంట్ ఉంటుంది, పిల్లికి అది లేదు, తల బరువంతా కండరాల మీదే. కాబట్టి ఒంట్లో కండరాలన్నీ నీరసపడితే మొదట మెడ చెప్పేస్తుంది. ముసలి పిల్లిలో దీనికి ఎక్కువగా కారణం పొటాషియం పడిపోవడం, దాని వెనక కిడ్నీ జబ్బు. పాడైన కిడ్నీలు పొటాషియాన్ని మూత్రంలో వదిలేస్తాయి, ఆకలి లేక తిండి నుంచి వచ్చేదీ తగ్గుతుంది. బ్లడ్ టెస్ట్‌లో తేలిపోతుంది, పొటాషియం ఇస్తే రోజుల్లో తల లేస్తుంది. మన దగ్గర పర్షియన్ పిల్లుల మోజు ఎక్కువ కాబట్టి ఇక్కడ ఒక మాట: ఆ జాతిలో కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు ఉంది, విదేశాల్లో జరిగిన పాత సర్వేల్లో మూడో వంతుకు పైగా పర్షియన్లలో అది కనిపించింది. పెద్ద వయసు పర్షియన్ నీరసంగా నడుస్తుంటే కిడ్నీ టెస్టుల్ని చివరికి పెట్టకూడదు.

థైరాయిడ్ ఎక్కువైనా కండ కరిగి కాళ్లు బలహీనపడతాయి, పిల్లి మాత్రం ఆవురావురుమని తింటుంది, అరుస్తుంది. కిడ్నీ, థైరాయిడ్ రెండిటితోనూ బీపీ పెరగొచ్చు, బీపీ పెరిగితే కంట్లో రెటీనా ఊడి చూపు ఒక్కసారిగా పోవచ్చు. ఇదెందుకు ఇక్కడ అంటే, చూపు పోయిన పిల్లి గోడ వెంబడే మెల్లగా నడుస్తుంది, గెంతడం మానేస్తుంది, ఇంట్లోవాళ్లు కాళ్ల సమస్య అనుకుని కాల్షియం వేస్తుంటారు. లైటు వేసినా కంటిపాప పెద్దగానే ఉండిపోతుంటే అనుమానించాలి. తల ఒక పక్కకి వంచి, తాగినట్టు అదే పక్కకి పడిపోతుంటే సమస్య లోపలి చెవి దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. ఏ కారణమూ దొరకని రకమైతే చాలాసార్లు రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. చెవిలో ఇన్ఫెక్షన్ గానీ గడ్డ గానీ ఉంటే అలా సర్దుకోదు.

వెన్ను సంగతి కాస్త కష్టం. నడుం దగ్గర డిస్క్ అరిగినా, వెన్నులో గడ్డ పెరిగినా (పిల్లుల్లో ఎక్కువగా కనిపించే వెన్ను గడ్డ లింఫోమా అనే క్యాన్సర్) వెనక కాళ్లు తడబడతాయి. కీళ్ల నొప్పికీ దీనికీ ఇంట్లోనే గమనించగలిగే తేడా ఒకటుంది. కీలు నొప్పిపెట్టే పిల్లి కాలు జాగ్రత్తగా వేస్తుంది, నరం దెబ్బతిన్న పిల్లికి కాలు ఎక్కడుందో తెలియదు, పంజా మడతపడి పైభాగం నేలకి రాసుకుంటుంది, గోళ్లు టైల్స్ మీద గీసుకుంటున్న చప్పుడొస్తుంది. తోక వేలాడిపోవడం, మూత్రం తెలియకుండా కారిపోవడం తోడైతే ఆలస్యం చేయకూడదు.

నిమిషాల్లో కాళ్లు పడిపోతే

పైవాటిలో చాలావి వారాలు, నెలలు తీసుకుని వచ్చేవి. ఇది అలా కాదు. బాగానే ఉన్న పిల్లి ఒక్కసారిగా గట్టిగా అరిచి, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ పాకుతుంటే, ఆ కాళ్లు పట్టుకుంటే చల్లగా తగిలితే, అరికాళ్లు పాలిపోయి గానీ నీలంగా గానీ ఉంటే, అది గుండె నుంచి వచ్చిన రక్తపు గడ్డ. గుండె కండరం మందమయ్యే జబ్బు పిల్లుల్లో మామూలే, చాలావాటికి అప్పటిదాకా పైకి ఏ లక్షణమూ ఉండదు. పై గది సాగిపోయి రక్తం నిలవుండి గడ్డకడుతుంది, ఆ ముక్క పెద్ద ధమనిలో కొట్టుకొచ్చి, కాలవ రెండు పాయలుగా చీలేచోట దుంగ అడ్డంపడ్డట్టు రెండు వెనక కాళ్లకీ రక్తం వెళ్లే చోట ఇరుక్కుంటుంది. పక్షవాతం అనుకుని నూనె రాస్తూ కూర్చుంటే ప్రాణం పోతుంది. నిజం చెప్పాలంటే వెంటనే తీసుకెళ్లినా చాలా పిల్లులు బతకవు, కానీ నొప్పి భరించలేనంత ఉంటుంది కాబట్టి ముందు ఆ నొప్పి తగ్గించడం కోసమైనా వెళ్లాలి. బతికి బయటపడ్డవాటికి మళ్లీ రాకుండా క్లోపిడోగ్రెల్ అనే, రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే మందు ఇస్తారు, ఆస్పిరిన్ కన్నా అదే మెరుగని 2015లో వచ్చిన ట్రయల్ తేల్చింది.

ఊళ్లల్లో, తోటల పక్కన ఇళ్లల్లో అయితే ఒక్కసారిగా పడిపోవడానికి ఇంకో కారణం పాము. కట్లపాము, నాగుపాము విషం నరాల మీద పనిచేసి ఒళ్లంతా మెత్తబడేలా చేస్తుంది, గాటు బొచ్చులో కనపడదు. బయట తిరిగే, రేబిస్ టీకా లేని పిల్లికి ప్రవర్తన మారి కాళ్లు పడిపోతే చేతులతో పట్టుకోకుండా డాక్టర్‌కి ముందే ఆ సంగతి చెప్పాలి.

గిన్నెలో పెట్టేది, ఒంటికి రాసేది

మన ఇళ్లకి ప్రత్యేకంగా వర్తించే కారణాలు కొన్ని ఉన్నాయి, విదేశీ లిస్టుల్లో ఇవి చివర్లో ఉంటాయి. కోస్తాలో చేపలు కడిగేటప్పుడు పిల్లికి పచ్చివి వేసే అలవాటు ఉంది. కొన్ని రకాల పచ్చి చేపల్లో బీ1 విటమిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, ఎప్పుడో ఒకసారి తింటే ఏం కాదు, రోజూ అదే అయితే మెడ వాలడం, తూలడం, ఆఖరికి ఫిట్స్. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. ఇంకొకటి లివర్. కోడి లివర్ తప్ప ఇంకేం ముట్టని పిల్లులు చాలా ఇళ్లల్లో ఉన్నాయి, అలా ఏళ్ల తరబడి తింటే విటమిన్ ఏ పేరుకుపోయి మెడ ఎముకల మధ్య కొత్త ఎముక పెరిగి అవి అతుక్కుపోతాయి, పిల్లి తల తిప్పలేదు, ఒళ్లు నాక్కోలేదు, ముందు కాళ్లు కుంటుతాయి. తిండి మారిస్తే నొప్పి తగ్గుతుంది గానీ అతుక్కున్న ఎముక విడిపోదు.

కుక్క పిడుదుల కోసం మెడ మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం, వణుకు, తూలడం, ఫిట్స్ వస్తాయి. పొలం పురుగుమందులు కూడా అంతే, ఒంటికి అంటితే నాక్కుని లోపలికి తీసుకుంటుంది.

గోళ్ల సంగతి అందరూ మర్చిపోతారు. ముసలి పిల్లి గోకడం తగ్గిస్తుంది, పాత పొరలు రాలవు, గోరు లావెక్కి వంకీ తిరుగుతుంది. ముఖ్యంగా బొటనవేలి గోరు నేలకి తగలదు కాబట్టి గుండ్రంగా తిరిగొచ్చి అరికాలి మెత్తలో గుచ్చుకుంటుంది, బొచ్చు పక్కకి తీసి చూస్తే ఎండిన రక్తం, చీము కనిపిస్తాయి. కత్తిరించి శుభ్రం చేస్తే నడక బాగైపోతుంది. అయితే వేలే వాచి, గోరు చుట్టూ చీము పడుతూ, యాంటీబయాటిక్‌కి తగ్గకుండా రెండు మూడు కాళ్లకి పాకుతుంటే ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. పిల్లుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ వేళ్లకి పాకే విచిత్రమైన గుణం ఉంది, దగ్గు ఏమీ లేకుండా మొదట కుంటు మాత్రమే కనిపించవచ్చు.

మనుషుల మాత్ర, బామ్

డోలో 650 లేని ఇల్లు లేదు కాబట్టి ఇది విడిగా చెప్పాలి. పారాసిటమాల్‌ని శరీరం నుంచి పంపేయడానికి కావాల్సిన ఎంజైమ్ పిల్లి లివర్‌లో చాలా తక్కువ. మందు విషంగా మారి రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేనట్టు చేస్తుంది, చిగుళ్లు చాక్లెట్ రంగులోకి మారతాయి, ముఖం, పంజాలు వాస్తాయి. కిలో బరువుకి 10 మి.గ్రా. దగ్గరే విషలక్షణాలు నమోదయ్యాయి, అంటే 4 కిలోల పిల్లికి 40 మి.గ్రా., 650 మాత్రలో పదహారో వంతు. "చిన్న ముక్కే కదా" అనుకునే ముక్క దానికన్నా పెద్దదే ఉంటుంది. పొరపాటున పడితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెళ్లాలి, విరుగుడు ఉంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపునీ కిడ్నీల్నీ పాడుచేస్తాయి. నొప్పి బామ్‌లు, కర్పూరం, నీలగిరి తైలం కూడా వద్దు, రాసిందంతా నాకేస్తుంది.

ఒక జంతువుకి మందైనది ఇంకోదానికి విషం అనడానికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల కిడ్నీల్ని దెబ్బతీసి వాటిని దాదాపు తుడిచిపెట్టాక 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు, బదులుగా మెలాక్సికామ్ అనే ఇంకో నొప్పి మందుని ప్రోత్సహించారు. అదే మెలాక్సికామ్ దగ్గర పిల్లుల విషయంలో దేశాలు రెండు దారులు పట్టాయి. యూరప్‌లో తక్కువ డోసులో దీర్ఘకాలం నోటి ద్వారా ఇవ్వడానికి అనుమతి ఉంది, అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో మళ్లీమళ్లీ వాడితే కిడ్నీలు ఫెయిలవ్వొచ్చని పెద్ద హెచ్చరిక పెట్టించింది. రెండిటికీ మధ్యనున్నది డాక్టర్ లెక్క: కిడ్నీ టెస్ట్ చూసి, బరువు తూచి, డోసు దించుకుంటూ రావడం. పక్కింటివాళ్ల పిల్లికి రాసిన సీసా తెచ్చి పోసేది కాదు.

కొత్తగా వచ్చింది ఫ్రూనెవెట్‌మాబ్ అనే ఇంజెక్షన్, నెలకోసారి. కీళ్లలో నొప్పి నరాల్ని రెచ్చగొట్టే ఒక ప్రోటీన్‌ని పట్టుకుని ఆపేస్తుంది. 2022 జనవరిలో ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది, జంతువుల కోసం ఆ సంస్థ అనుమతించిన మొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా ల్యాబ్‌లో తయారుచేసిన ప్రోటీన్ మందు) ఇదే. మామూలు నొప్పి మందుల్లా కిడ్నీల మీద భారం వేయదు. ఇలాంటిదే కుక్కలకి వేరేది ఉంది, దాన్ని పిల్లికి వాడకూడదు.

పరీక్షలు, ట్రయల్

క్లినిక్‌లో నడవని పిల్లికి మంచి సాక్ష్యం ఫోన్ వీడియో. పక్క నుంచి, వెనక నుంచి నడక, ఒక గెంతు, మెట్లు ఉంటే ఎక్కి దిగడం, ఒక్కోటి అరనిమిషం చాలు. ఆ తర్వాత తాకి చూడటం, నరాల పరీక్ష, బీపీ, బ్లడ్ టెస్టుల్లో క్రియాటినిన్ (కిడ్నీ కోసం), పొటాషియం, గ్లూకోజ్, టీ4 (థైరాయిడ్ కోసం), ఆపైన ఎక్స్‌రే. ఎక్స్‌రేతోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. పదింట తొమ్మిదింటికి ఏదో ఒక కీలు అరిగి కనిపిస్తుందని తెలిశాక, కనిపించిన అరుగుదలే ఈ నడకకి కారణమని ఎలా అంటాం? అరిగిన కీలు నొప్పిలేకుండా ఉండొచ్చు, నొప్పున్న కీలు ఫిల్మ్‌లో శుభ్రంగా ఉండొచ్చు. జిల్లాల్లో పశువుల ఆసుపత్రులు ఎక్కువగా గొడ్లకీ గేదెలకీ అలవాటుపడ్డవి, అక్కడ తేలకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలకి అనుబంధంగా క్లినిక్‌లు ఉన్నాయి.

టెస్టులన్నీ నార్మల్ వచ్చినా నడక అలాగే ఉంటే డాక్టర్లు నొప్పి మందు కొన్ని వారాలు ఇచ్చి చూస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. మందు వేశాం కదా అన్న ఆశతో చూస్తే పిల్లి బాగున్నట్టే అనిపిస్తుంది. 2014లో వచ్చిన మెలాక్సికామ్ ట్రయల్‌లో ఉత్తుత్తి మందు తీసుకున్న పిల్లుల యజమానులు కూడా మెరుగైందనే చెప్పారు, అసలు తేడా బయటపడింది చెప్పకుండా మందు ఆపినప్పుడు. నిజమైన మందు తాగినవి మళ్లీ వెనక్కి వెళ్లాయి. అందుకని మొదలుపెట్టే ముందే రెండు మూడు పనులు రాసిపెట్టుకోవాలి, సోఫా ఎక్కుతోందా, బాల్కనీ గట్టు మీద కూర్చుంటోందా, నడుం నాక్కుంటోందా అని. డాక్టర్ ఆపమన్నాక అవే మళ్లీ చూడాలి, అవే కోణాల్లో వీడియో తీయాలి. గ్లూకోసమైన్ లాంటి సప్లిమెంట్లకి పిల్లుల్లో ఆధారాలు బలంగా లేవు, చేపనూనెలో ఉండే ఒమేగా 3కి కాస్త మెరుగు. లావుగా ఉన్న పిల్లికి బరువు తగ్గించడం వీటన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది, కాకపోతే మెల్లగా, ఒక్కసారిగా తిండి ఆపితే లివర్‌లో కొవ్వు చేరి కొత్త ప్రమాదం వస్తుంది.

ఇంట్లో చేసే మార్పులకి మాత్రం ఏ రిపోర్టూ రానక్కర్లేదు. లిట్టర్ టబ్ ఒక పక్క అంచు రెండు మూడు అంగుళాల ఎత్తుకి కోసి అంచు మీద టేప్ వేయడం, మంచం పక్కన కదలని పీట పెట్టడం, తిండికీ నీళ్లకీ మధ్య నడిచే దారిలో టైల్స్ మీద గోనెసంచో రబ్బర్ మ్యాటో పరవడం, రెండు మూడు వారాలకోసారి గోళ్లు చూడటం. డూప్లెక్స్ ఇళ్లల్లో అయితే కింద ఒక టబ్, పైన ఒక టబ్. చలికాలం పొద్దున్నే బిగుసుకుపోయి లేచే పిల్లికి గ్రానైట్ నేల మీద కాకుండా ఎండ పడే చోట దళసరి బొంత వేస్తే చాలు, దుప్పట్లో చుట్టిపెడితే బయటికి రావడానికి మళ్లీ అవస్థపడుతుంది.